అమ్మోరి గింజ

సాలూరు మెయిన్ రోడ్డు మీద లారీలు తిరిగినంత కాలం తుడుపు పని పూర్తి కాదు. ఆ సంగతి చినబాబుకు బాగా తెలుసు. అయినా రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తగానే డీజిలు తడిపిన గుడ్డ ఒకటి చేతికి చుట్టుకుని, వరసగా నిలబెట్టిన పిండిమరలు, ధాన్యం మిషన్లు, నీళ్ల మోటార్లు, మందు కొట్టే పంపులు ఒకటొకటిగా తుడుస్తాడు. చివరిదాకా వచ్చేసరికి మొదటిదాని మీద మళ్లీ దుమ్ము పడి ఉంటుంది. దాని మీద వేలితో ఒక గీత గీసి చూసి, "సిగ్గు నేదే నీకు" అని దాన్నే తిట్టి మళ్లీ మొదలుపెడతాడు.

యాభై దాటి చాలాకాలమైంది అతనికి. పొట్టి మనిషి, మెడ కూడా పొట్టే, మణికట్లు మాత్రం మోటువి. లారీ క్లీనరుగా తిరిగిన రోజుల్లో ఫ్యాను బెల్టు ఎడమచేతి ఉంగరపు వేలి కొస తీసుకుపోయింది. అరచేతి గీతల్లో గ్రీజు ఎంతగా ఇంకిపోయిందంటే, పెళ్లికి వెళ్లినా చావుకు వెళ్లినా అది అతనితో పాటే వెళుతుంది. కళ్లజోడుకు ఒక కాడ లేదు. దాని బదులు దారం కట్టి చెవికి తగిలిస్తాడు.

ఆ గ్రీజే షాపుకు పెట్టుబడి అంటే అబద్ధం కాదు. యజమాని గురుప్రసాద్ కుర్రవాడు, మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల వెనక కూర్చుంటాడు. కొనడానికి వచ్చిన రైతులు అతను చెప్పేదంతా తల ఊపుతూ వింటారు గానీ ఒక్క ముక్కా నమ్మరు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు అమ్మేవాడేనని వాళ్లకు తెలుసు. బేరం అయిపోవచ్చే వేళకు మెల్లగా లేచి, మూల కూర్చుని నట్లు బిగించుకుంటున్న చినబాబు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడుగుతారు. "ఏటి మావా, మా పనికి ఇది పనిసేస్తాదా?" చినబాబు తల ఎత్తకుండానే, "సేస్తాది" అంటాడు. అంతే, సరుకు బండెక్కుతుంది. తండ్రి కాలం నుంచీ చూస్తున్నాడు కాబట్టి ఈ మర్మం గురుప్రసాద్‌కు తెలుసు. అందుకే ఆఖరి మాట ఎప్పుడూ తాను మాట్లాడడు.

చాలాసార్లు ఆ మాట నిజమే అయ్యేది. నిజం కానప్పుడూ చినబాబు నోటి నుంచి అదే వచ్చేది. 'చెయ్యదు' అనే మాట అతని నోట్లోకి రాదు. ఇది డబ్బు కోసం కాదు, అలా చెప్పినందుకు అతనికి ముట్టేది ఏమీ లేదు. ఎదుటి మనిషి ముఖంలో ఆశ కనిపిస్తే దాని మీద నీళ్లు పోయడం చేతకాదు, అంతే. ఇంట్లో భార్య నీలవేణి ఈ గుణాన్ని ఎప్పుడో కనిపెట్టి మొగుణ్ణి ఏదీ అడగడం మానేసింది. చీర ఎలా ఉందన్నా బాగుందంటాడు, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నా సరిపోయిందంటాడు. "నిన్నడగడం కన్నా గోడనడగడం మేలు" అంటుంది. ఇంట్లో చెల్లని మాట షాపులో అంత చెల్లుబాటు కావడం చూసి చినబాబుకు ఒకప్పుడు గర్వంగా కూడా ఉండేది.

ఆ గర్వం చలికాలంలో పోయింది.

అప్పుడు కరకవలస నుంచి కూర్మమ్మ వచ్చింది. కొండ కింద ఊరు అది, మెట్ట చేలు, సామలు, చోళ్లు పండిస్తారు. కూర్మమ్మది నలభై దాటిన వయసు, చామనచాయ, గట్టి గొంతు, మాట్లాడేటప్పుడు చేతులు ఊరుకోవు. ఆడవాళ్ల సంఘం తరఫున సామలు దంపే మిషను కావాలని వచ్చింది. రోకలి పోటు పడలేక సగం మంది సామలు వెయ్యడమే మానేస్తున్నారని, మిషను వస్తే మళ్లీ వేస్తారని, అందరినీ తానే ఒప్పించానని చెప్పింది. షాపులో సామలకు పనికొచ్చే మిషను ఆ రోజు లేదు. గుమ్మానికి అడ్డంగా ఎన్నాళ్లుగానో అమ్ముడుపోని, వడ్లు ఆడే ధాన్యం మిషను ఒకటి ఉంది. గురుప్రసాద్ చెయ్యి దానివైపే చూపించింది.

కొనే ముందు ఎవరి గింజ వాళ్లు తెచ్చుకుని మిషనులో పోసి చూసుకోవడం ఆ వైపు రివాజు. కూర్మమ్మ కూడా కొంగున మూట కట్టి సామలు తెచ్చింది. చినబాబు దోసిట్లో పోసుకుని చూశాడు. ఒక్క మట్టి పెళ్ల లేదు, ఒక్క తాలుగింజ లేదు. అన్నీ ఒకే తీరుగా, ఎండి గలగలమంటూ ఉన్నాయి. సామలు అలా ఉండవు. పొలం నుంచి వచ్చే సామల్లో చిన్నగింజ, పెద్దగింజ, ఇసుక, గడ్డివిత్తు అన్నీ కలిసి ఉంటాయి. "ఇదేటమ్మా ఇంత బాగున్నాది?" అని అడిగాడు.

"అమ్మోరి గింజ బావా" అంది కూర్మమ్మ. అప్పటికే వాళ్ల అమ్మగారి ఊరూ చినబాబు ఊరూ వియ్యమందిన ఊళ్లని తేల్చుకుని బావ వరస కలిపేసింది. "కొత్త మిషన్లో మొదట పోసేది అమ్మోరికి పెట్టేది గదా. అందరం కూకుని ఒక్కో గింజా ఏరినాము."

చినబాబుకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. దేవతకని ఏరిన గింజ ఈ మిషనులో బాగానే ఆడుతుంది. ఇంటి గింజ పోస్తే సగం పొట్టుతో వస్తుంది, సగం నూకైపోతుంది. స్విచ్చు వేశాడు. తెల్లగా సామ బియ్యం రాలాయి. కూర్మమ్మ వాటిని అరచేతిలోకి తీసుకుని, కళ్లు పెద్దవి చేసుకుని అడిగింది.

"మా సామలకి పనిసేస్తాదా బావా?"

"సేస్తాది" అన్నాడు చినబాబు.

మిషను తీసుకెళ్లి కరకవలసలో తానే బిగించి వచ్చాడు. అప్పటినుంచి షాపులో ఫోను మోగితే తుడుపు ఆపి చెవి ఒగ్గుతాడు. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. కరకవలస నుంచి ఒక్క కబురు లేదు. తిట్టడానికైనా ఎవరూ రాకపోవడం అతన్ని ఇంకా భయపెట్టింది. అన్నం తింటున్నప్పుడు సామ బియ్యం గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది. అది చూసి, ఏదీ అడగని నీలవేణి కూడా "ఉప్పు సాలనేదా?" అని అడిగితే, "సరిపోయింది" అనేవాడు.

ఈ రోజు పొద్దున్న ఫోను వచ్చింది. గురుప్రసాద్ మాట్లాడి పెట్టేసి, బల్ల దగ్గర నుంచే పిలిచాడు. "బాబాయ్, కరకవలస వెళ్లిరావాలి. ఆ సామల మిషను సర్వీసు చెయ్యమంటున్నారు."

చినబాబు చేతిలోని గుడ్డ మడతపెట్టాడు. "ఏటన్నా అన్నారా బాబూ?"

"ఏమీ అనలేదు. ఒకవేళ అంటే గింజ మీద పెట్టు. తేమ ఉందను, కరెంటు సరిగా రావట్లేదను, నీకు నేను నేర్పాలా?" గురుప్రసాద్ నవ్వాడు. చినబాబు నవ్వకపోయేసరికి కుర్చీలో ముందుకు వంగాడు. "చూడు బాబాయ్, కంపెనీ గ్యారంటీ మోటారు ఒక్కదానికే. మోటారు కాలితే మిషను మార్చి ఇస్తారు. అదే రకం ఇస్తారు, కాదంటే అంత ఖరీదులో ఇంకో రకం, తీసుకునేవాళ్ల ఇష్టం. మోటారు తిరుగుతూంటే మాత్రం మనకు సంబంధం లేదు. సామలకని కొన్నట్టు బిల్లు మీద ఎక్కడా లేదు. నోటిమాటకు సాక్ష్యం ఎవరు చెబుతారు?"

సాక్ష్యం చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు పానాల సంచి భుజాన వేసుకుని శివాజీ ట్రాలీ ఆటో ఎక్కాడు.

శివాజీ షాపు సరుకు తోలేవాడు, దారంతా మాట్లాడగలడు. చినబాబు ఊ కొడుతున్నాడే గానీ ఏదీ వినడం లేదు. ఊరు దాటాక జీడిమామిడి తోటలు, ఆ తర్వాత కోసేసిన మెట్టచేలు వచ్చాయి. కూర్మమ్మ తిట్టే తిట్లు మనసులో ఒక్కొక్కటే అనుకుంటూ వెళ్లాడు. అన్నిటికీ జవాబుగా తేమ, కరెంటు, బెల్టు అనే మూడు మాటలూ సిద్ధం చేసుకున్నాడు. ఇలాంటి పనికి ఇంతకుముందు చాలా ఊళ్లు వెళ్లాడు. తిట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు, అతను మోకాళ్ల మీద కూర్చుని మిషను విప్పడం మొదలుపెట్టగానే చల్లబడి చివరికి తప్పు తమదేనని ఒప్పుకునేవాళ్లు. అది తన ప్రతిభ అని అనుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ముఖాలన్నీ వరసగా గుర్తొస్తున్నాయి.

ఆటో కూర్మమ్మ ఇంటి ముందు ఆగింది. పొడుగాటి వసారా, రేకుల కప్పు. ఒక చివర మిషను ఉంది. దాని నుదుట బొట్టు పెట్టి ఉంది, మెడలో బంతిపూల దండ ఎండిపోయి ఉంది. ఆ పక్కన వసారా పొడుగునా ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అందరి తలలూ వంగి ఉన్నాయి. చేటల్లో సామలు. వేళ్లు చకచకా కదులుతున్నాయి. పెద్దగింజ ఒక వైపు, చిన్నగింజ ఒక వైపు, ఇసుక ఇంకో వైపు.

"వచ్చినావా బావా!" కూర్మమ్మ చేట కింద పెట్టి లేచింది. ముఖమంతా నవ్వే. చినబాబు ఎదురుచూసిన తిట్టు ఒక్కటీ ఆ ముఖంలో లేదు. "ఒసే, మంచినీళ్లు తేండే. బావొచ్చినాడు, మిషను బావ."

చినబాబు చెంబు అందుకున్నాడు గానీ తాగలేదు. "ఇదేటమ్మా, ఏటి సేస్తన్నారు?"

"ఏరతన్నాము." ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసింది. "మొదట్లో మాకు తెలవక ఇంట్లో గింజ ఉన్నదున్నట్టు పోసీసినాము. పొట్టు పొట్టుగా వచ్చీసినాది. అందరూ నా మీద పడిపోనారు. అప్పుడు మా అత్త సెప్పినాది, షాపులో అమ్మోరి గింజ ఎంత బాగా ఆడినాదో నువ్వే సూసినావు గదా, మరి మిషన్ది తప్పెలగవుతాది, మన గింజదే తప్పూ అని. అప్పట్నుంచి అన్నీ అమ్మోరి గింజలాగే ఏరి పోస్తన్నాము. నువ్వు సెప్పినట్టే బాగా పనిసేస్తన్నాది బావా."

అత్త దానమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముగ్గుబుట్టలాంటి తల, కళ్ల మీద తెల్లటి పొర. గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి నవ్వింది. చేటలో ఆమె వేళ్లు మాత్రం ఆగలేదు. గింజను చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నలిపి చూసి విడదీస్తోంది. వేళ్ల కొసలు చిట్లి, చిట్లిన చోట పసుపు అద్ది ఉంది.

"కళ్లు నేవు గానీ ఏళ్లున్నాయి నాయనా" అంది. "పొద్దుటేల కూకుంటే దీపాలేలకి ఒక కుంచుడు అవుతాది."

"రోకలితో అయితే ఎంతసేపు పట్టేది?" అని అడిగాడు చినబాబు.

"దంపితేనా? మద్దేనానికి అయిపోయేది" అంది పక్కనున్న ఆమె. ఆ మాటకు అందరూ నవ్వారు. కూర్మమ్మ నవ్వలేదు. "మొదట అలగే ఉంటాది, సెయ్యి తిరిగితే జోరొస్తాది" అని గట్టిగా అంది. ఆ మాట ఆమె చాలాసార్లు చెప్పి ఉంటుందని వినగానే తెలుస్తుంది. చెప్పి చెప్పి ఆమే దాన్ని నిలబెట్టుకుంటోంది. మిషను తెచ్చింది తాను, తెమ్మని ఒప్పించింది తాను. సంఘంలో ఆమె మాట అటో ఇటో ఆ మిషనుతోనే తేలుతుంది.

వాళ్లు తిట్టి ఉంటే చినబాబు తేమ అనేవాడు, కరెంటు అనేవాడు. తన ఒక్క మాట నిజం కావడానికి ఊళ్లో ఆడవాళ్లందరూ పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా కూర్చుని గింజలు ఏరుతున్నారు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వసారాలోంచి లేచి కొండవైపు పరిగెత్తాలనిపించింది. నోరు తెరిచి నిజం చెప్పేస్తే సరిపోతుందని తెలుసు, కానీ కూర్మమ్మ నవ్వుముఖం చూస్తే ఆ మాట గొంతు దాటలేదు.

అప్పుడు తోచింది ఆ ఉపాయం. మోటారు కాలితే మిషను మార్చి ఇస్తారు. ఇంకో రకం కూడా ఇస్తారు. సామలు ఆడే మిషను పోయిన నెలే షాపుకు వచ్చింది, తెచ్చి బిగిస్తే గొడవే లేదు. ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పనక్కరలేదు.

"దుమ్ము లెగుస్తాది. కొంచెం అవతలకి ఎల్లండమ్మా" అన్నాడు.

ఆడవాళ్లు చేటలు ఎత్తుకుని వాకిట్లో చింతచెట్టు నీడకు వెళ్లారు. కూర్మమ్మ మాత్రం గడప దగ్గరే నిలబడింది, పానా ఏదైనా అందించాల్సి వస్తుందేమోనని. చినబాబు ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. బరువు ఎక్కువైతే మోటారు దానంతటదే ఆగిపోయేటట్టు చేసే చిన్న మీట ఒకటి ఉంటుంది. దాని తీగ విప్పేశాడు. ఇరుసు తిరగకుండా సందులో ఒక కర్రముక్క దిగగొట్టాడు. స్విచ్చు వేశాడు.

మోటారు తిరగలేక మూలిగింది. చినబాబు దాని మీద చెయ్యి వేసి ఉంచాడు. వెచ్చగా ఉన్నది వేడెక్కింది, వేడెక్కినది కాలడం మొదలుపెట్టింది. తన జన్మలో ఎన్నో మోటార్లను బాగుచేశాడు, కాలిపోయిన వాటికి తీగ చుట్టి మళ్లీ తిప్పాడు. చేతులారా ఒకదాన్ని చంపడం ఇదే మొదలు. లక్క కాలిన వాసన వచ్చింది. సన్నగా పొగ లేచింది. మూలుగు తగ్గి తగ్గి ఆగిపోయింది. కర్రముక్క లాగి జేబులో వేసుకున్నాడు.

కూర్మమ్మ పరిగెత్తుకు వచ్చింది. మిషను వంక చూడలేదు, అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "ఓలమ్మా, సెయ్యి కాలిపోనాదేటి బావా!"

"ఏటీ అవనేదు. మోటారు కాలిపోయింది." చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నీకేటీ నష్టం నేదమ్మా. కాగితం మీద ఉన్నాది. మోటారు కాలితే మిషను మార్చి ఇస్తారు."

పొగ చూసి ఆడవాళ్లు మళ్లీ వసారాలోకి వచ్చారు, దానమ్మను తెచ్చి గోడ దగ్గర కూర్చోబెట్టారు. సంగతి తెలిసి కొందరు అయ్యో అన్నారు, ఒకరిద్దరు పైకి అనకపోయినా హమ్మయ్య అనుకున్నట్టు కనిపించారు. కూర్మమ్మ మిషను మెడలోని ఎండిన దండ తీసి కళ్లకద్దుకుంది.

"అయితే మళ్లీ ఇదే రకం తీసుకురా బావా" అంది.

"ఇదే ఎందుకమ్మా? ఇంకో రకం వచ్చింది. అదింకా బాగుంటాది."

"ఇదీ బాగుంటాదనే గదా సెప్పినావు?" నిలదీయడం కాదది, నిజంగానే అడిగింది. "దీని పద్ధతి మాకు తెలిసీసినాది. దీనికేటి తక్కువ?"

చినబాబు జవాబు వెతుక్కుంటూంటే గోడ దగ్గర నుంచి దానమ్మ గొంతు వినిపించింది. భయంభయంగా ఉంది ఆ గొంతు. "నాయనా, అదింకా మంచి మిషనంటే, దానికి ఇంతకన్నా మంచి గింజ పొయ్యాలేటి? ఇంతకన్నా సన్నంగా ఏరడం నా వల్ల కాదు తండ్రీ. ఏళ్లు ఆడటం నేదు. ఇదే తెచ్చీ."

చినబాబు మిషను పక్కన అలాగే కూలబడ్డాడు. కాలిన అరచెయ్యి మండుతోంది. అందరూ అతని వైపే చూస్తున్నారు. ఇంత కాలం ఆ మాటను ఎలా మోశాడో అతనికే అర్థం కాలేదు, ఇంక మోయలేననిపించింది.

"మీ గింజలో ఏ తప్పూ నేదు" అన్నాడు నేల చూస్తూ. "మొదట్నుంచీ నేదు. ఇది ఒడ్లకి సేసిన మిషను. సామలకి పనికిరాదు. నాకు ఆ రోజే ఎరిక."

"ఏ రోజు?" అంది కూర్మమ్మ.

"నువ్వు అమ్మోరి గింజ తెచ్చిన రోజు. గింజ సేతిలో పోసుకోగానే తెలిసింది. తెలిసే సేస్తాది అన్నాను."

కూర్మమ్మ చేతులు ఎప్పుడూ ఊరుకోవు. ఇప్పుడు రెండూ పక్కన వేలాడుతూ ఉండిపోయాయి. ఆమె చేటల వైపు చూసింది, అత్త వేళ్ల వైపు చూసింది, తర్వాత మోటారు వైపు చూసింది. చినబాబు చొక్కా జేబులోంచి కర్రముక్క కొస బయటికి కనిపిస్తోంది. దాని చివర నల్లగా కమిలి ఉంది.

"ఇదీ నువ్వే కాల్సినావేటి?"

చినబాబు తల ఊపాడు.

"ఎందుకు?"

"సెప్పలేక."

ఆమె అరుస్తుందని, జుట్టు పట్టుకుని ఈడుస్తుందని అనుకున్నాడు. అలా చేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె కళ్లనిండా నీళ్లు వచ్చాయి, వాటిని తుడుచుకోలేదు. అలాగే మాట్లాడింది. గట్టిగొంతు కాదు ఇప్పుడది, బస్సులో పక్కసీటు మనిషితో మాట్లాడే గొంతు.

"రేపు సంఘమందరం షాపుకి వస్తాము. ఇప్పుడు సెప్పిన మాట మీ సావుకారి ముందు సెప్తారా అండీ?"

బావ పోయింది, నువ్వు పోయింది. 'సెప్తారా అండీ' అన్న ఆ మర్యాద చినబాబుకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఇన్నేళ్ల తన బతుకులో ఇంత మర్యాదగా అతనితో ఎవరూ మాట్లాడలేదు.

"సెప్తాను" అన్నాడు. "మీరు సామలకని అడిగినారని, నేను సేస్తాదని అన్నానని సెప్తాను. మోటారు సంగతీ సెప్తాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి సెప్తాను."

"అయితే ఇంక ఎల్లండి."

శివాజీని పిలిచి, మిషను నట్లు విప్పి, ఇద్దరూ మోసుకెళ్లి ట్రాలీలో ఎక్కించారు. ఎవరూ సాయం పట్టలేదు, ఎవరూ అడ్డం రాలేదు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు లేచి, చేటల్లో విడదీసిన కుప్పలన్నీ మళ్లీ ఒక్కటిగా కలిపేసుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. సంగతి తెలిసినా దానమ్మ వేళ్లు ఏరుతూనే ఉన్నాయి. కూర్మమ్మ వంగి ఆ చేట ఆమె ఒళ్లోంచి తీసేసి, ఆ చేతులు రెండూ తన చేతుల్లో పెట్టుకుని కూర్చుంది.

చినబాబు ట్రాలీలో మిషను పక్కనే ఎక్కాడు, ముందు సీటులో శివాజీ పక్కన కూర్చోలేకపోయాడు. రేపటి నుంచి ఆ షాపులో తనకు పని ఉండదు. నీలవేణికి ఏం చెప్పాలో తెలియడం లేదు. మొదటిసారి ఆమె అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాలి. నిజం చెప్పాను కదా, కొంచెమైనా తేలిక పడుతుందేమోనని మనసును తడిమి చూసుకున్నాడు. తేలిక పడలేదు. కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆటో కదులుతుంటే వెనక్కి చూశాడు.

వసారాలో మిషను ఉన్న చోట, తన చేతులతో సిమెంటులో నిలబెట్టిన బోల్టులు నాలుగూ గచ్చులోంచి పైకి లేచి అలాగే ఉన్నాయి, కొత్తలో ఆడవాళ్లు వాటికి పూసిన పసుపుతో సహా.